ఆయన బరువుకు తిప్పిన రింగు

మా ఇంటి ముందు, అరుగుకు ఆనించి ఒక బండరాయి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు దానిమీద చెప్పులు విడుస్తారు. నేను వద్దని అరుస్తాను. అది చెప్పుల రాయి కాదు, మా ఆయన సైకిలెక్కే రాయి. ఆయన నడుము వంగదు, మెడ తిరగదు, కాలెత్తి సీటు అవతలికి వేయలేడు. అందుకని ఆ రాయి మీద నిలబడి, సైకిలును తనవైపు ఒరగదీసుకుని, కాలును చేత్తో పట్టి అవతలికి జరుపుకుని, ఆ తరవాత సైకిలును నిలబెట్టేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తరవాత ఏడుపొచ్చేది. ఇంకొన్నాళ్ళకు రెండూ పోయి, ఊరికే వెనక నుంచి సైకిలు పట్టుకుని నిలబడేదాన్ని.

మాది ఉదయగిరి. కొయ్యతో గరిటెలు, చెంచాలు చేసే ఇల్లు. మా ఇళ్ళలో పని పంపకం పెద్దల కాలం నుంచీ ఒకటే. మగవాళ్ళు కొండకు పోయి, ఎండి పడిన కొమ్మల్లో పనికొచ్చేది ఎంచి తెచ్చి, కోసి, ఉలితో ఆకారం తీసి ఇస్తారు. ఆడవాళ్ళం దానికి ఆకురాయి పట్టి, గరుకు కాగితంతో రుద్ది, పెదవికి తగిలినా గీసుకోనంత నునుపు చేస్తాం. ఆడమనిషి కొండకు పోయి కట్టె ఎంచడమనేది మాలో లేదు. పోకూడదని ఎవరూ అనలేదు. ఎవరూ పోలేదు, అంతే.

మా పనిలో ఇంకో అలవాటుంది. గరిటె పగిలితే చేసిన చేతిని ఎవరూ తప్పుపట్టరు. పగిలిన ముక్కను ఎండలోకి పట్టి, తిప్పి తిప్పి చూసి, లోపలెక్కడో దాగిన ముడినో పచ్చినో పట్టుకుని "కట్టెది నేరం" అంటారు. అక్కడితో మాట ముగిసిపోతుంది. చాలాసార్లు నిజంగానే కట్టెది నేరం. తక్కినసార్లు కూడా అలా అనుకుంటే ఇంట్లో పోట్లాట ఉండదు. మా అవ్వ అన్నం మాడినా ఆ మాటే అనేది, పొయ్యిలో ఉండేదీ కట్టే కదా అని. ఈ అలవాటే మమ్మల్ని ఒక ఎండాకాలమంతా ఒక సైకిలు చుట్టూ తిప్పింది.

మా ఆయన ఇల్లరికం వచ్చినవాడు. పుట్టింది దుత్తలూరు వైపు మెట్ట పల్లెలో. అక్కడ తాగి పెరిగింది బోరు నీళ్ళు. పళ్ళ మీద గోధుమరంగు చారలు పెళ్ళిచూపుల్లోనే చూశాను. అవి కనబడతాయని నోరు మూసుకుని నవ్వేవాడు. నాకు ఆ నవ్వే నచ్చింది. ఆ చారలు పళ్ళతో ఆగవని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. మా నాయన దగ్గర పని నేర్చుకుని, కట్టె ఎంచడంలో పుట్టినప్పటినుంచీ ఈ పనిలో ఉన్నవాళ్ళను కూడా మించిపోయాడు. కొమ్మను రాయితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. కోసిన చోట బొటనవేలు పారించేవాడు. "దీంట్లో ముడి ఉండాది, వద్దు" అనేవాడు. చీల్చి చూస్తే ఉండేది.

నడివయసుకు వచ్చేసరికి మెడ పట్టింది. తరవాత నడుము. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉలి జారిపోవడం మొదలైంది. నెల్లూరులో డాక్టరు ఎక్సరే దీపానికి పట్టి, వెన్నుపూసల మధ్య ఉండాల్సిన సందులు మూసుకుపోతున్నాయని చూపించాడు. నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకలకు పట్టిందట. ఇది వెనక్కి రాదన్నాడు. నీళ్ళు మార్చమన్నాడు, కుదుపులు తగలనివ్వద్దన్నాడు. మేం ఇంటికొచ్చేటప్పటికి "వెనక్కి రాదు" అన్న మాట బస్సులోనే వదిలేశాం. కుదుపుల మాట మాత్రం గట్టిగా పట్టుకున్నాం, దానికైతే ఏదో ఒకటి చేయొచ్చు గనక.

చెక్కే పని పక్కింటివాళ్ళకు ఇచ్చేశాం. ఆయనకు మిగిలింది కొండకు పోయి కట్టె ఎంచడం ఒక్కటే. ఎంచి, మూట కట్టి, అక్కడే పెట్టి వస్తే మూటను ఎవరో ఒకరు మోసుకొచ్చేవారు. ఆ ఎంపిక కూడా పోతే ఇక మంచం తప్ప ఏమీ లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట పైకి అనుకోలేదు.

కొండ అడుగుకు పోయే దోవ నిండా రాళ్ళు. నడవలేడు. మోటారుసైకిలు బరువు ఆపలేడు. అప్పుడు దొరికింది ఈ బ్యాటరీ సైకిలు. ఆత్మకూరులో ఒక పళ్ళ డాక్టరు, పొట్ట తగ్గించుకోవాలని కొనుక్కున్నాడు. కొండల మీద తొక్కే రకం. లావు టైర్లు, ముందూ వెనకా షాకబ్జర్లు. ఆ డాక్టరు పొట్ట అలాగే ఉంది, సైకిలు మీద మాత్రం తువ్వాళ్ళు ఆరేవి. సైకిలు అమ్ముతాడని మాకు చెప్పింది ఆత్మకూరు బస్టాండు దగ్గర బ్యాటరీ బండ్లు బాగుచేసే మెకానిక్కు. కుర్రతనం పోని ముఖం, కానీ ఇద్దరు పిల్లల తండ్రి. అత్తగారిల్లు మా ఊళ్ళోనే. అతనే హ్యాండిలు పైకెత్తి, వంగకుండా తొక్కేలా మార్చి ఇచ్చాడు. పెడలు తొక్కలేనప్పుడు యాక్సిలరేటరు తిప్పితే చాలు, అదే పోతుంది.

మొదటిసారి కొండ అడుగు దాకా పోయివచ్చి, రాయి మీద దిగి, "ఏమే, కూచున్నట్టే ల్యా" అన్నాడు. నోరు మూసుకోకుండా నవ్వాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. మూడో ఏడు ఎండలు ముదిరేటప్పటికి ఆయన ముఖం మారింది. సైకిలు దిగి గోడ పట్టుకుని చాలాసేపు నిలబడేవాడు. ఏందయ్యా అంటే "వెనక తగలతా ఉండాది" అనేవాడు. ఒకరోజు నేను వంగి చూశాను. సీటు కింద, ఫ్రేము మధ్యలో అడ్డంగా ఉండే షాకబ్జర్ మీద నూనె కారి దుమ్ము పట్టి ఉంది. చేత్తో సీటు నొక్కితే కిందికి పోయి అక్కడే ఉండిపోయింది. ముసలమ్మ కూచుంటే లేవలేనట్టు.

ఫోను చేస్తే మెకానిక్కు, "అది గాలి షాకబ్జరక్కా, లోపల సీలు పోయినట్టుండాది. రిపేరు యాడా చెయ్యరు, మార్చాల్సిందే. పాతది ఊడబెరికి తీసకరా, కొలత చూసి తెప్పిస్తా" అన్నాడు.

ఊడదీసింది నేనే. ఆయన మంచంలో పడుకుని చెబుతున్నాడు. వంగి చూడలేడు, మెడ తిప్పలేడు, కానీ సలహాలకు కొదవ లేదు. ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టాను. ఫ్రేము ఒక్కసారిగా కూలబడకుండా పాత చీర ఒకటి సీటు కింద కట్టి, పైన దూలానికి వేలాడదీశాను. షాకబ్జర్ కొసనున్న పిన్ను నొక్కి మిగిలిన గాలి వదిలేశాను. రెండు బోల్టులు. పైది మర్యాదగా వచ్చింది. కిందిది రాలేదు. కిరసనాయిలు పోసి, మేం గరిటెలకు వాడే కొయ్య సుత్తితో తట్టి తట్టి, తట్టినంతసేపూ దాన్ని తిట్టి, చివరికి కదిలించాను. బోల్టు బయటికి లాగేసరికి వెనక చక్రం కిందికి వాలిపోయింది. సైకిలు నడుం విరిగినట్టు రెండుగా వేలాడింది. ఆయన మంచం మీదినుంచి చూడలేదు గనక సరిపోయింది.

వైరుబుట్టలో పాత షాకబ్జర్ పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాను. నూనె కారి పక్కనున్నామె చీరకు అంటింది. ఆమె నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. మెకానిక్కు ముక్కను చేతిలో తిప్పి, రెండు బెజ్జాల మధ్య కొలత తీసి, "గాలిది మళ్ళా వద్దక్కా, దానికి పంపు వేరే కావాల, మీకెక్కడ కుదురతాది. స్ప్రింగుది తెప్పిస్తా" అని ఫోనులో ఆర్డరు పెట్టాడు.

అది వచ్చేవరకు ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే ఓపిక కూడా లేదు. ఇల్లు పట్టిన మగవాడితో వేగడం ఎంత కష్టమో చెప్పలేను. కొనుక్కొచ్చిన కట్టె పచ్చిదన్నాడు. నేను నునుపు చేసిన గరిటె గరుగ్గా ఉందన్నాడు. వీధిలో పోయే మేక దగ్గిందన్నాడు. తరవాత ఆ మాటలూ ఆగిపోయాయి, దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ఒక మధ్యాహ్నం నేను పని చేసుకుంటుంటే, ఎత్తు స్టూలు మీద కూచుని ఒక ముక్క నర్ది కట్టెను గోటితో తడుతున్నాడు. తట్టడం, వినడం. మళ్ళీ తట్టడం. ఇంట్లో ఉన్న పాత పెళుసు ముక్క అది, అందులో వినడానికేమీ లేదు. నేను లేచి వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చి వచ్చాను.

కొత్త షాకబ్జర్‌ను మెకానిక్కు బామ్మరిది తెచ్చిచ్చాడు. చుట్టూ లావు స్ప్రింగు, ఒక కొసన మరలున్న రింగు. కూచునే మనిషి బరువును బట్టి ఆ రింగు తిప్పాలట. బరువు మనిషైతే బిగించాలి, తేలిక మనిషైతే వదులు చేయాలి. లేకపోతే స్ప్రింగు ఉన్నా లేనట్టే. మెకానిక్కు ఫోనులో అదంతా నాకు చెప్పి, "బావ ఎంత బరువుంటాడక్కా" అని అడిగాడు. నేను ఎన్నేళ్ళ కిందటి మాటో చెప్పాను. అతను ఎంత బిగించమంటే అంత బిగించాను.

పెట్టేటప్పుడు ఒక చిక్కొచ్చింది. పొడవు సరిపోయింది గానీ బోల్టు పట్టే ఫ్రేము చెవుల మధ్య షాకబ్జర్ వదులుగా ఊగుతోంది. రెండు వైపులా కాస్త సందు. దానికి తగిన ఇనుప బిళ్ళలు లేతు మీద చేయించాలి, అంటే మళ్ళీ ఆత్మకూరు, మళ్ళీ రోజులు. ఆయన మంచం మీదినుంచి "బిక్కి కట్టె ముక్కుంటే చూడు" అన్నాడు. గట్టి రకం కట్టె అది, నాకూ అదే తోచింది. మా చేతిలో ఉన్న విద్య అదొక్కటే కదా. బిక్కి ముక్క కోసి, మధ్యలో బెజ్జం పెట్టి, ఆకురాయితో అరగదీసి, బిళ్ళలు చేశాను. నూనెలో నానబెట్టి దూర్చాను. మా ఆయన చేయి పెట్టి తడిమి, "పెళ్ళికూతురి మెట్టెల్లాగుండాయి" అన్నాడు. ఆ మాటతో ఎన్నాళ్ళకో ఇల్లు ఇల్లులా అనిపించింది.

చీర విప్పి సైకిలు దించాం. ఆయన రాయి ఎక్కి సీటు మీద కూచున్నాడు. స్ప్రింగు కదల్లేదు. నేను చెప్పిన బరువుకు బిగించిన రింగు అది. వదులు చేశాను. మళ్ళీ కూచున్నాడు. ఇంకా కదల్లేదు. ఇంకా వదులు చేశాను. అలా తిప్పుతూ తిప్పుతూ రింగు దాదాపు మరల కొసకు వచ్చాక గానీ ఆయన కింద స్ప్రింగు కాస్త దిగలేదు. రోజూ సైకిలు పట్టుకుని నేను ఎక్కించే మనిషి ఇంత తేలికైపోయాడని నాకు ఆ రింగు చెప్పింది. ఆయనకు చెప్పలేదు.

మర్నాడు కొండకు పోయివచ్చి "బాగుండాది" అన్నాడు. అంటూనే గోడ పట్టుకున్నాడు. నేను గోడ పట్టుకున్న చేతిని చూడలేదు, "బాగుండాది" అన్న మాటనే విన్నాను. నాలుగు దినాలు గడవకముందే మళ్ళీ మొదలు. "తగలతా ఉండాది. రాయి మీద రాయి పడినట్టు కొడతా ఉండాది." రింగు ఇటు తిప్పాను, అటు తిప్పాను. టైర్లలో గాలి తగ్గించాను. సీటు మీద పాత దిండు కట్టాను. "అదేమో ముందర తగలతాది, ఇదేమో వెనక" అంటాడు. చివరికి ఒకరోజు చేతిలో పని పడేసి, "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టుండాది నీ కత" అన్నాను.

ఊళ్ళో రోజుకు పదిమంది పదిమందిని అనే మాటే. ఆయన ముఖంలో ఏదో ఆగిపోయింది. లోపలికి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ మాట నోట్లోకి వెనక్కి తీసుకునే వీలుంటే నాలుక కోసుకునైనా తీసుకునేదాన్ని.

సాయంత్రానికి ఆయనే దారి చూపించాడు. "కొయ్య బిళ్ళలు గదా, లోపల ఒత్తుకోని అణిగిపోయుంటాయి. కట్టెది నేరం" అన్నాడు. నేను గబగబా "అవును, కట్టెది నేరమే" అన్నాను. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

మెకానిక్కు అత్తగారింటికి వచ్చినప్పుడు మా ఇంటికి పిలిచాను. ఇనుప బిళ్ళలు చేయించి తెచ్చాడు. విప్పి, నా కొయ్య బిళ్ళలు బయటికి తీసి, పగలబడి నవ్వాడు. "ఏందక్కా, సైకిల్లో గూడా గరిటె పెట్టేసినారే!" నేనూ నవ్వాను. అతను బిళ్ళలను వెలుగులోకి పట్టి చూశాడు. ఒత్తుకోలేదు, పగల్లేదు, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మా ఆయన చేయి చాపి వాటిని తీసుకుని బొటనవేలు పారించాడు. చాలాసేపు పారించాడు. తరవాత జేబులో వేసుకున్నాడు.

ఇనుపవి పెట్టి, అతను సైకిలు ఎక్కి వీధి చివరి రాళ్ళగుట్ట దాకా పోయివచ్చాడు. "బావా, పరుపు మీద కూచున్నట్టుండాది. షాకబ్జర్లో ఏమీ ల్యా" అన్నాడు.

"నువ్వు వయసులో ఉండావు, నీకేం తెలస్తాది లే" అన్నాడు మా ఆయన.

అతను నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత రెండుసార్లు ఆయన కొండకు పోయాడు. రెండోసారి సగం దోవలో ఆగిపోయి, సైకిలు మీద నుంచి దిగలేక, దిగడానికి సరిపడే ఎత్తు రాయి లేక, ఎవరో గొర్రెలవాళ్ళు వచ్చి దించేదాకా ఎండలో అలాగే రెండు కాళ్ళూ నేలకు ఆనించి హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడట. ఇంటికి తెచ్చి పడుకోబెడితే, రాత్రంతా కళ్ళు తెరిచే ఉన్నాడు. పొద్దున లేవగానే నాతో అన్నాడు.

"నువ్వు తొక్కి చూడు. కొండ కాడికి పొయ్యిరా. నువ్వు చెప్తే నమ్మతా."

నేను ఊరి వీధుల్లో సైకిలు తొక్కాను గానీ అటువైపు ఎప్పుడూ పోలేదు. నాకు సైకిలు తోలడం కాదు, తిరిగొచ్చి చెప్పడం భయం. ఆయన అంతటితో ఆగలేదు. "నీ ఒళ్ళు గట్టిది, నీకు తగిలినా తెలీదు" అని ఇత్తడి చెంబు తెమ్మన్నాడు. మెడ దాకా నీళ్ళు తనే పోశాడు. సీటు వెనక బిగించి ఉన్న చిన్న పలక మీద ఒక పాత పంచె ముక్క మడిచి వేయించి, దానిమీద చెంబు పెట్టించి, తాడుతో కట్టించాడు. "కుదుపుంటే నీళ్ళే చెప్తాయి" అన్నాడు. వాళ్ళ నాయన కొత్త ఎద్దులబండిని ఇలాగే చూసేవాడట.

పోయాను. ఊరు దాటి, కంపచెట్లు దాటి, రాళ్ళ దోవలో పడ్డాను. ఆయన చెప్పిన రాళ్ళన్నీ ఒక్కొక్కటే చక్రం కిందికి వచ్చాయి. సైకిలు లేచింది, దిగింది, నా కింద సీటు మెత్తగా మునిగి తేలింది. నాకు ఏమీ తగల్లేదు. ఇంకా పెద్ద రాళ్ళు వెతుక్కుని మరీ ఎక్కించాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నడుముకు తగిలితే చాలు, సంతోషంగా ఇంటికి పోయి చెబుదును. తగల్లేదు. ఎదురుగా దుర్గం కొండ. అడుగున దిగి చెంబు చూశాను. నీళ్ళు మెడ దగ్గరే ఉన్నాయి.

సైకిలు బాగుంది. మొదటి షాకబ్జర్ నిజంగానే పాడైంది, రెండోది ఎప్పుడూ బాగానే ఉంది. కొయ్య బిళ్ళలు బాగున్నాయి, ఇనుపవీ బాగున్నాయి. పాడైంది ఆయన వెన్ను. ఎక్సరేలో డాక్టరు చూపించిన సందులు మూసుకుపోయాయి. ఇంక ఏ స్ప్రింగు పెట్టినా, నేల మీద నడిచినా, మంచం మీద పక్కకు తిరిగినా ఆయనకు రాయి మీద రాయి పడుతూనే ఉంటుంది. ఆ కొండ కింద ఎవరూ లేరు గనక గట్టిగా ఏడ్చాను. ఆ నీళ్ళు తాగించిన నేలను తిట్టాను, బోరు వేసినవాడిని తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను.

తరవాత చెంబు విప్పి, సగం నీళ్ళు ఒక కంపచెట్టు మొదట్లో పోశాను. మళ్ళీ కట్టాను.

ఆయన రాయి పక్కనే నిలబడి ఉన్నాడు. నేను దిగుతూనే మొదలుపెట్టాను. "తగలతా ఉండాదయ్యా. నువ్వు చెప్పింది నిజమే. నాకే నడుం పట్టేసినాది, ఇంక నీకు తగలదా? ఇది మంచిది గాదు, వాడు మనకు నాసిరకం అంటగట్టినాడు. ఇంకోటి తెప్పిద్దాం." ఆపితే ఏడుపొస్తుందని ఆపకుండా మాట్లాడుతున్నాను.

ఆయన చెంబులోకి చూశాడు. సగమే ఉన్నాయి నీళ్ళు. తల వంచలేడు గనక చెంబును పైకెత్తి చూశాడు. పక్కన పెట్టాడు. పలక మీద మడిచి ఉన్న పంచె ముక్క మీద చేయి వేశాడు. కట్టె మీద వేసినట్టే, బొటనవేలు ఈ కొస నుంచి ఆ కొసకు నిదానంగా పారించాడు.

"గుడ్డ పొడిగా ఉండాదేమే" అన్నాడు.

ఎండకు ఆరిపోయిందని అనొచ్చు. అనలేకపోయాను. కట్టె లోపల దాగిన ముడినే పట్టుకునే మనిషి.

ఆయన నన్ను కోప్పడలేదు. జేబులోంచి ఆ కొయ్య బిళ్ళలు తీసి నా చేతిలో పెట్టాడు. "వీటిలో నేరం ల్యా. నాకు ఆ రోజే తెలుసు" అన్నాడు. నిదానంగా రాయి మీద కూచున్నాడు. కాసేపటికి సైకిలు వైపు చూపించి, "ఆ రింగు నీ బరువుకు తిప్పుకో. రేపట్నించి నువ్వు పో. కట్టె ఎట్టా చూడాల్నో చెప్తా" అన్నాడు.

"ఆడోళ్ళు ఎవురు పొయ్యినారు కొండకు" అన్నాను. అనడానికి వేరే ఏమీ దొరకలేదు.

"ఎవురూ పోలా. నువ్వు పో" అన్నాడు.

నేను లోపలికి పోయి పానా తెచ్చి, సైకిలు పక్కన కూలబడ్డాను. రింగు మరల కొసన ఉంది, ఆ ఎండాకాలం నేనే ఒక్కొక్క తిప్పు వదులు చేసుకుంటూ తెచ్చిన చోట. అది మా ఆయన బరువు. నా బరువుకు అది వదులు. బిగించాలి. దుమ్ము పట్టి మొదట కదల్లేదు. ఆయన రాయి మీద కూచునే, సైకిలు ఊగకుండా వెనక నుంచి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తిప్పు" అన్నాడు. తిప్పాను.